చప్పుడు కాకుండా దించిన తెడ్డు

సేజున్ ఒంగి తెడ్డు కింద పెట్టాడు. అంతసేపూ తెడ్డుసాము చేస్తూ ఊరి హాలు చెక్కనేల దద్దరిల్లేట్టు గెంతిన మనిషి, చివరికొచ్చేసరికి అంత పొడుగు తెడ్డునీ నేలకి ఆనించి ఒక్కో వేలూ మెల్లగా తీసేశాడు. పిసరంత చప్పుడు కాలేదు.

"ఆహా!" అన్నాడు అరకాకి. నాహా పట్నం నుంచి వచ్చిన ఆయుధవిద్యల సంఘం మనిషి ఆయన. "ఈ ముగింపు చూశారా? నిగ్రహమంటే ఇదండీ. గెలిచినవాడు చప్పుడు చెయ్యడు. మిగతా ఊళ్ళ తెడ్డుసాముల్లో ఈ అందం లేనే లేదు."

సేజున్ కుడిభుజం నొక్కుకున్నాడు. చేపల సొసైటీ ఐసుగదిలో పొద్దుట్నుంచీ పారతో ఐసు ఎత్తిన భుజం. అరవైకి దగ్గర పడుతున్నాడు. ఇంటికెళ్ళి ఇంత వేడినీళ్ళు పోసుకుని పడుకుంటే చాలనిపిస్తోంది. ఈ పట్నం పెద్దమనిషి మాత్రం వదిలేలా లేడు.

"అయితే ఆ నడుం ఊపు మాత్రం..." అంటూ అరకాకి తల గోక్కున్నాడు.

అనుకున్నంతా అయ్యింది. తెడ్డుకొసతో ఇసుక తవ్వి ఎదుటివాడి కళ్ళలోకి కొట్టడం ఈ సాముకి ప్రాణం. అది ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. ఈ ఊళ్ళో మాత్రం ఇసుక కొట్టిన వెంటనే ఎడమచెయ్యి తెడ్డు వదిలేసి వెనక్కి, నడుం కిందికి పోతుంది. మోకాళ్ళు కాస్త వంగుతాయి, నడుం ఒక్క ఊపు పైకి లేస్తుంది. చెయ్యి మళ్ళీ తెడ్డు మీదికొస్తుంది. సాము మొత్తంలో నాలుగైదుచోట్ల ఇదే వరస.

"ఎదురుగా శత్రువుంటే ఆయుధం మీంచి చెయ్యి తీస్తారటండీ ఎవరైనా?" అన్నాడు అరకాకి. "దీని అర్థమేమిటి? ఎక్కణ్ణించి వచ్చింది?"

"మా ఇషిమినే గురువుగారు ఇలాగే నేర్పారండీ."

"ఆయనకెవరు నేర్పారు?"

"మా నాన్న."

"మీ నాన్నగారు ఎందుకలా చేసేవారు?"

అది సేజున్‌కి ఎలా తెలుస్తుంది? అతను పుట్టిన ఏడే యుద్ధం నాన్నని మింగేసింది. ఫోటో అయినా మిగల్లేదు. సమాధిలో నాన్న పేరున్న కుండలో ఎముకల బదులు, ఆయన పోయాడన్న దక్షిణపు ఒడ్డున ఏరుకొచ్చిన గులకరాళ్ళున్నాయి. నాన్న నుంచి అతనికి దక్కిందల్లా ఈ సామే.

"పున్నమి పండక్కి కెమెరాతో వస్తాం. అందులో పడిందే ఇకమీదట ఈ ఊరి సాము. బళ్ళో పిల్లలకైనా, పోటీలకైనా అదే. మూలం చెప్పగలిగితే ఆ ఊపు ఉంచుదాం. చెప్పలేకపోతే తీసేసి చెయ్యండి. నా ఇష్టమైతే ఉంచేవాణ్ణే, సంఘంలో నలుగురికీ జవాబు చెప్పాలి కదా," అన్నాడు అరకాకి. మంచివాడే పాపం. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడానిక్కూడా వీల్లేకపోయింది.

గోడవార కుర్చీలో కూర్చున్న జుకెరాన్ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో మొట్టమొదటి ఇల్లు ఆయనది, అందరూ మూలపు ఇల్లు అంటారు. దేవుడి వనంలో మొదటి దణ్ణమూ ఆయనదే, పంచాయితీలో చివరి మాటా ఆయనదే.

"మూలం లేకేమండీ! మా ముత్తాతల్లో ఒకాయన రాజుగారి కొలువు చేసినవాడు. నడుం వెనక పిడిబాకు దోపుకునేవాడట. ఆ చెయ్యి వెనక్కి పోయేది బాకు కోసమే!"

అరకాకి మొహం వెలిగింది. సేజున్ పెద్దాయన వంక చూశాడు. నలభయ్యేళ్ళ బట్టి ఈ సాము చేస్తున్నాడు, ఈ బాకు సంగతి వినడం ఇదే మొదలు.

"బాకు దూస్తే నడుం ఎందుకూగుతుంది పెద్దాయనా?" అన్నాడు.

"ఒరలో ఇరుక్కుపోయి ఉంటుందయ్యా," అన్నాడు జుకెరాన్, కనురెప్పయినా కదపకుండా.

*

ఇంటికొచ్చేసరికి నబి అక్క వంటింటి గట్టు మీద కూర్చుని పచ్చి బొప్పాయి తురుముతోంది. డెబ్భై దాటింది. మోకాళ్ళు అరిగిపోయి నిలబడి పని చేయలేదు గానీ కూర్చుంటే ఇద్దరి పని చేస్తుంది. తురుముపీట మీద కాయ సరసరా ఆడుతోంది.

"వచ్చావా? మొహమేంటి ఎండుచేపలా వేలాడేశావు?"

జరిగింది చెప్పాడు. అక్క తురుముతూనే వింది. బాకు దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. భుజాలు కదలడం మొదలెట్టాయి. చూస్తే నవ్వుతోంది.

"ఇరుక్కుపోయిందన్నాడా? ఒరలో?"

"నవ్వకు అక్కా. అసలే చిరాగ్గా ఉంది."

"నవ్వక ఏం చెయ్యమంటావురా! బావుంది. బాకనే చెప్పేసెయ్. నీ ఊపు నీకుంటుంది, వాళ్ళ ముత్తాత వాళ్ళకుంటాడు."

"నాన్న సాములోకి వాళ్ళ ముత్తాత ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు? నువ్వు చూశావుగా నాన్న చెయ్యడం. నీకు పద్నాలుగేళ్ళప్పుడు కదా ఆయన పోయింది. ఆ ఊపు ఎందుకు ఊపేవాడో ఎప్పుడైనా చెప్పాడా?"

అక్క తురుము గిన్నెలోకి తోసింది. గింజలు ఏరి అవతల పారేసింది. చేతులు తుడుచుకుంది. ఇంత చిన్న ప్రశ్నకి అన్ని పనులు అడ్డమొచ్చాయి.

"నాన్న అలాంటి ఊపేదీ ఊపలేదు," అంది చివరికి. "లేచి స్నానం చెయ్యి. ఐసు కంపు కొడుతున్నావు."

సేజున్‌కి ఒళ్ళు మండింది. "మరి గురువుగారికి ఎక్కణ్ణించి వచ్చింది?"

"పోయినాయన్ని వెళ్ళి అడుగు," అని పొయ్యి వైపు తిరిగింది. ఆమె అలా తిరిగిందంటే ఇక ఆ తలుపు మూసేసినట్టే. చిన్నప్పట్నుంచీ ఎరిగినదే.

స్నానం చేస్తూ సేజున్ ఒక సంగతి తలుచుకున్నాడు. ప్రతి పున్నమికీ ఆ నడుం ఊపు రాగానే చాపల మీద కూర్చున్న ముసలమ్మలు కిసకిసా నవ్వుతారు. వయసులో ఉన్నప్పుడు సిగ్గేసేది. ఆడంగుల సరసంలే, వాళ్ళకేం తెలుసు సాము సంగతి అని గురువుగారు కసిరేవాడు. కసిరేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడేవి.

*

మర్నాడు ఐసుగది పని కాగానే బట్టలైనా మార్చుకోకుండా బండి పక్క ఊరికి తిప్పాడు. ఇషిమినే గురువుగారి ఈడు వాళ్ళలో మిగిలింది తోకుజో తాత ఒక్కడే. యుద్ధం ఆగాక అమెరికా వాళ్ళు ఉత్తరపు అడవిలో వేసిన గుడారాల శిబిరంలో ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ ఒక్కచోటే ఉన్నారు. మలేరియా శిబిరం. సేజున్ వాళ్ళ అమ్మ పోయింది అక్కడే.

తాత అరుగు మీద కాళ్ళు చాపుకుని రేడియోలో ఎద్దుల పోరు వింటున్నాడు. సేజున్ కాసేపు ఎద్దుల మంచీచెడ్డా మాట్లాడాడు. టీ తాగాడు. తర్వాత అడిగాడు.

"తాతా, మా నాన్న ఇషిమినే గారికి సాము నేర్పడం నువ్వు చూశావా?"

"మీ నాన్నా? ఇషిమినేకా?" తాత రేడియో గొంతు తగ్గించాడు. "మీ నాన్న పడవ నీడ తొక్కాలంటేనే వాడికి హడలురా అబ్బాయ్. మగపిల్లాడెవడైనా ఆయన తెడ్డు ముట్టుకుంటే తోలు వలిచేవాడు. ఆయన ఎవరికీ నేర్పలేదు, ఒక్కరికి తప్ప."

"ఎవరికి?"

"ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావా?" తాత అతన్ని ఎగాదిగా చూశాడు. "ఆవిడ చెప్పలేదూ?"

సేజున్ కప్పు అరుగు మీద పెట్టేశాడు.

"నబి నేర్చుకుందిరా. అప్పటికి మగపిల్లల్లేరు, నువ్వింకా పుట్టలేదు. పడవలో ఆయనతో పాటు తెడ్డు వేసేది మరి. శిబిరంలో రోజూ సాయంత్రం గుడారాల వెనక చేసేది. తెడ్డెక్కడిది? రేషను పెట్టె బద్దొకటి. మేం కుర్రకుంకలం వెళ్ళి నవ్వేవాళ్ళం. నవ్వి నవ్వి, ఓ రోజు ఇషిమినే నాకూ నేర్పవా అన్నాడు. తర్వాత నేను. నాకు ఒంటపట్టలేదనుకో. వాడికి పట్టింది."

"మరి ఆ నడుం ఊపు?"

తాత నవ్వాడు. పళ్ళులేని నోటి నిండా నవ్వాడు. "ఆవిడ వీపు మీద ఓ మూట ఉండేదిరా. కట్టిన గుడ్డ పాతది, నాలుగడుగులు వేస్తే చాలు జారేది. చెయ్యి వెనక్కేసి ఎగేసుకునేది. మళ్ళీ జారేది, మళ్ళీ ఎగేసుకునేది. మాకు తెలిసి చచ్చిందా! అదీ సాములో భాగమేననుకుని మేమూ ఎగేసేవాళ్ళం, ఉత్త వీపుల్ని. ఆవిడ నవ్వాపుకోలేక కింద కూర్చునేది గానీ ఎందుకో చెప్పేది కాదు. ఇషిమినేకి తెలిసేసరికి మీసాలొచ్చాయి, చెయ్యికి అలవాటైపోయింది."

"ఏం మూట తాతా?"

"ఏం మూటేంట్రా? నువ్వే!"

తాత మళ్ళీ రేడియో పెంచాడు. అక్కడ ఎద్దులు కొమ్ములు కలిపినట్టున్నాయి, జనం అరుస్తున్నారు. సేజున్‌కి ఆ అరుపులేవీ వినబడలేదు.

*

పండగ తెల్లవారింది. నబి అక్క బియ్యప్పిండి ముద్దలు ఆవిరి మీంచి దించి, ఉడికిన ఎర్ర అలసందలు వాటికి అద్దుతోంది. వేడికి వేళ్ళు ఊదుకుంటూ, ముద్ద తిప్పి తిప్పి అద్దుతోంది. సేజున్ ఎదురుగా చతికిలబడ్డాడు.

"తోకుజో తాత దగ్గరికెళ్ళాను."

"వాడింకా ఉన్నాడా?"

"ఎందుకు చెప్పలేదక్కా ఇన్నేళ్ళూ?"

"ఏమని చెప్పను? నువ్వు వీపు మీద ఉచ్చ పోసేవాడివని చెప్పనా?"

"అక్కా!"

ఆమె ముద్ద పళ్ళెంలో పెట్టింది. ఇంకోటి తీసుకుంది. "నాన్న మొహం మర్చిపోతానని భయమేసేదిరా. సాము చేస్తుంటే కనబడేవాడు, ఆపితే పోయేవాడు. అందుకని రోజూ చేసేదాన్ని. నీకా, అమ్మ పోయాక పాలు లేవు. గంజి నీళ్ళకి ఏడుపాగేది కాదు. సాము కుదుపుకే నిద్రపోయేవాడివి. నువ్వు పడుకున్నాక బద్ద కింద పెట్టేదాన్ని, చప్పుడైతే లేస్తావని ఊపిరి బిగబట్టి."

సేజున్ తల వంచుకున్నాడు. అరకాకి మెచ్చుకున్న నిగ్రహం గుర్తొచ్చింది. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

"ఇషిమినే అడిగాడు నన్ను," అంది అక్క. "మీ నాన్నే నేర్పాడని చెప్పుకోనా అని. ఆడపిల్ల దగ్గర నేర్చుకున్నానంటే ఒక్కడూ రాడని. నాన్న పేరు రాసి దణ్ణం పెట్టుకునే పలకే నా చేతికివ్వలేదు కదా, పెదనాన్న కొడుకు ఇంట్లో పెట్టుకున్నారు. ఆడదాని చేతిలోకి పెద్దల పలకలు పోకూడదట. సాము మాత్రం నా పేర పోనిస్తారా? చెప్పుకోమన్నాను. ఒక్కటే అడిగాను, మావాడు పెద్దయ్యాక వాడికి నేర్పమని. మాట నిలబెట్టుకున్నాడు. వాడి పేరు చెడగొట్టకు."

"మరి నీ పేరు?"

"నా పేరేం చేసుకుంటావు? ఉప్పేసి ఊరబెట్టుకుంటావా?" అంది. కానీ ఆ ముద్దకి అద్దిన గింజలన్నీ మళ్ళీ ఊడదీసి, మళ్ళీ మొదట్నుంచీ అద్దింది.

"సాయంత్రం రా అక్కా. చూడ్డానికైనా."

"ఆ మైదానం మెట్లు దిగి అయిదేళ్ళయింది. నన్నెవడు మోస్తాడు? పో."

సేజున్ తిన్నగా మూలపు ఇంటికి వెళ్ళాడు. జుకెరాన్ పెద్దాయన అంతా విన్నాడు. కోపగించలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఇదిగో సేజున్, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. అయితే ఏం చెయ్యమంటావు? మా ఊరి యుద్ధవిద్య చంటిపిల్లాణ్ణి జోకొట్టడంలోంచి పుట్టిందని మైకులో చెప్పనా? నాహా వాళ్ళు నవ్వుకుంటూ పోతారు. ఆ ఊపూ పోతుంది, మీ గురువు పరువూ పోతుంది. బాకంటే రెండూ నిలుస్తాయి. మీ అక్క అడిగిందా పేరు చెప్పమని?"

"లేదు."

"మరింకేం!"

సేజున్‌కి వాదించే ఓపిక లేదు. నిజానికి ఎప్పుడూ లేదు. ఐసుగదిలో మేస్త్రీతోనూ అంతే, ఇక్కడా అంతే. "సరే, మీ ఇష్టం," అనేసి బయటికొచ్చాడు. గేటు దాటాక గానీ తట్టలేదు. తనని మోసిన మనిషిని తన నోటితోనే లేదనిపించి వచ్చాడు.

*

సాయంత్రం నల్లచొక్కా తొడుక్కుని, కాళ్ళకి గుడ్డపట్టీలు చుట్టుకుని తెడ్డు కోసం ఇంట్లోకి వచ్చాడు. నబి అక్క ముద్దల పళ్ళేనికి గుడ్డ కప్పి, మంచి బట్టలు కట్టుకుని గుమ్మంలో కూర్చునుంది. వెళ్ళేది లేకపోయినా కట్టుకుంది. కింద మైదానంలో మూడుతీగల వాద్యం శ్రుతి చేస్తున్నారు.

"చల్లారకముందే పట్టుకెళ్ళు. ముసలాళ్ళకి ముందివ్వు," అంది.

సేజున్ ఆమె ముందు వీపు తిప్పి గొంతుక్కూర్చున్నాడు.

"ఏంట్రా అది?"

"ఎక్కు."

"నీకేమన్నా పిచ్చా? నీ భుజం..."

"ఎక్కుతావా, ఇక్కడే కూర్చుని ఏడవమంటావా?"

తిట్టుకుంటూ ఎక్కింది. పళ్ళెం ఒక చేత, తమ్ముడి మెడ ఒక చేత. అబ్బే, బరువే లేదు. తెడ్డు కుడిచేత్తో పట్టుకుని మెట్లు దిగడం మొదలెట్టాడు. దేవుడి వనం పక్కనుంచి ఆ మెట్లు సూటిగా మైదానం మధ్యకి దిగుతాయి. దిగేవాడు ఊరందరికీ కనబడతాడు.

మైకులో జుకెరాన్ గొంతు వినిపిస్తోంది. "...మా పూర్వీకుడు రాజకొలువులో ఉండగా, నడుం వెనక దాచుకున్న పిడిబాకును..."

సగం మెట్లలో అక్క జారింది. సేజున్ ఆలోచించలేదు. ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి పోయింది, మోకాళ్ళు వంగాయి, నడుం ఒక్క ఊపు ఊగింది. అక్క పైకొచ్చింది.

చాపల మీద ఒక ముసలమ్మ పకపకా నవ్వింది. పక్కావిడ అందుకుంది. ఇంకో నాలుగడుగులకి మళ్ళీ జారింది, మళ్ళీ ఎగేశాడు. ఈసారి నవ్వులు ఆ కొస నుంచి ఈ కొస దాకా పాకాయి. కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారు. జుకెరాన్ తలెత్తి చూశాడు. బాకు మాట సగంలో ఆగిపోయింది.

అరకాకి కెమెరా పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. సేజున్ అక్కని ముసలమ్మల చాప మీద దించేదాకా ఆగి, ఆయనే దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడు మీరు మెట్ల మీద చేసింది..." అన్నాడు మెల్లగా. "ఆవిడెవరండీ?"

"మా అక్క, నబి. మా నాన్న సాము నేర్పింది ఈవిడకే. ఇషిమినే గురువుగారు నేర్చుకుంది ఈవిడ దగ్గరే."

"మరి మీరు?"

"నేను వీపు మీద ఉన్నాను."

"సేజున్!" అన్నాడు జుకెరాన్, మైకు చేత్తో మూసి. "పొద్దున్న ఒప్పుకున్నావు కదయ్యా!"

"పొద్దున్న ఒప్పుకున్నాను పెద్దాయనా. తప్పు నాదే. ఉంచుతారో తీసేస్తారో వాళ్ళిష్టం. నేను మాత్రం చేసేది చేస్తాను."

అక్క అతని కాలి మీద గిల్లింది. "ఒరేయ్, నోర్మూసుకుని వెళ్ళు."

వెళ్ళాడు. చంద్రుడు అప్పుడే సముద్రం మీదికి వస్తున్నాడు. మద్దెల మోగింది. భుజం సలుపుతూనే ఉంది, ఊపిరి ఎప్పటిలాగే సగంలోనే అందకుండా పోయింది. ఇసుక లేచింది. ఎడమచెయ్యి వెనక్కి పోయింది, నడుం ఊగింది. ఈసారి ముసలమ్మలెవరూ నవ్వలేదు. జుకెరాన్ మైకు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. నలభయ్యేళ్ళుగా ఉత్తవీపు ఎగేసిన సేజున్‌కి ఇవాళ అక్కడ బరువు తెలుస్తోంది.

చివరికి ఒంగి, తెడ్డు ఇసుక మీద ఆనించి, ఒక్కో వేలూ తీశాడు. చప్పుడు కాలేదు. మైదానంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాపల మీంచి ఒక ముసలి గొంతు గుసగుసగా అడిగింది.

"పడుకున్నాడా, నబీ?"

"ఆఁ, ఇప్పుడే," అంది అక్క.